ఆట కన్నా అంగడికే పెద్దపీట

బాల్టిమోర్ నగరంలోని కామ్‌డెన్ యార్డ్స్ బేస్‌బాల్ స్టేడియానికి కుడిపక్క ఎర్ర ఇటుకల గోదాము ఒకటి బారుగా కనిపిస్తుంది. ఒకప్పుడు రైల్వే సరుకు దాచిన కట్టడం. 1992లో స్టేడియం తెరిచినప్పుడు దాన్ని కూల్చకుండా అందులో కలిపేసుకున్నారు. గోదాముకూ మైదానానికీ నడుమ యూటా వీధి. హోమ్ రన్ బంతి ఎగిరొచ్చి ఆ వీధిలో ఎక్కడ పడితే అక్కడ నేలలో చిన్న ఇత్తడి బిళ్ళ పొదుగుతారు. పక్కనే నిప్పుల మీద కాలుతున్న మాంసం ఘుమఘుమలు. ఆ కొట్టు బాల్టిమోర్ జట్టుకు ఆడిన బూగ్ పావెల్ పేరు మీద నడుస్తోంది.

1970ల నాటి గుండ్రటి కాంక్రీటు స్టేడియాలతో విసిగిన అమెరికన్లకు ఇది ప్రాణం లేచొచ్చినట్టు అనిపించింది. క్లీవ్‌లాండ్, డెన్వర్, పిట్స్‌బర్గ్ అదే బాట పట్టాయి. అయితే జట్ల యజమానులు యూటా వీధి నుంచి నేర్చుకున్న పాఠం వేరు. జనం ఎంతసేపు తిరిగితే అంత ఖర్చు పెడతారు. అసలు కన్నా కొసరు ముద్దయింది అక్కడే.

న్యూయార్క్‌లో 2009లో తెరిచిన కొత్త యాంకీ స్టేడియంలో పాతదాని కన్నా సీట్లు తక్కువ, ఖరీదైన సీట్లు మాత్రం ఎక్కువ. ముందు వరుసలో కొన్ని సీట్లకు మ్యాచ్‌కు 2,500 డాలర్లు పెట్టారు. అవి ఖాళీగా పడి ఉండటం టీవీలో దేశమంతా చూసింది. నెల తిరక్కుండానే వాటిలో కొన్నిటి ధర సగానికి దించారు.

అట్లాంటా కథ ఇంకా బాధాకరం. అక్కడి బ్రేవ్స్ జట్టు నగరం నడిబొడ్డుకు దగ్గర్లో ఉన్న టర్నర్ ఫీల్డ్‌లో ఆడింది 20 సీజన్లే. 2017లో దాన్ని వదిలి శివారులోని కాబ్ కౌంటీకి మారింది. నగరపు మెట్రో రైలు ఆ కౌంటీలోకి వెళ్ళదు. కొత్త స్టేడియానికి కౌంటీ సుమారు 30 కోట్ల డాలర్లు ఇచ్చింది. 2013 నవంబరులో విషయం బయటపడిన రెండు వారాలకే కమిషనర్లు ఆమోదముద్ర వేసేశారు. జనం ఓటు అడగనే లేదు. స్టేడియాన్ని ఆనుకుని హోటలు, దుకాణాలు, ఆఫీసులు, అపార్ట్‌మెంట్లతో ‘బ్యాటరీ’ అనే పేట వెలిసింది. జట్టు కంపెనీ లెక్కల్లో ఆట ఆదాయం ఒక పద్దు, ఈ పేట ఆదాయం ఇంకో పద్దు. ఆట లేని రోజుల్లోనూ ఆ గల్లాపెట్టె నిండుతుంది.

ఆటకు వెళ్ళి తిని, తాగి, నాలుగు కబుర్లు చెప్పుకోవడంలో తప్పేమీ లేదు. తిరునాళ్ళకు అంగళ్ళే అందం. కానీ పన్ను కట్టిన మామూలు మనిషి తన పిల్లల్ని వెంటబెట్టుకుని లోపలికి వెళ్ళలేకపోతే ఆ డబ్బు అడిగే హక్కు జట్టుకు లేదు. ప్రజాధనం ఇచ్చే చోట ఇన్ని సీట్లు ఈ ధర దాటకూడదని ఒప్పందంలోనే రాయించుకోవాలి. ఇత్తడి బిళ్ళ మీద పాదం ఆనించి మురిసిపోయే పసివాడికి ఆ వీధి దక్కాలి.

సీట్ల సంగతి అలా ఉంచితే, తినుబండారాల ధర తగ్గిస్తే నష్టపోతామన్న యజమానుల మాటా నిలవదు. 2017లోనే అట్లాంటాలో ఫుట్‌బాల్ కోసం తెరిచిన మెర్సిడెస్-బెంజ్ స్టేడియంలో హాట్ డాగ్ ధర రెండు డాలర్లే పెట్టారు. ఆ స్టేడియానికీ ప్రజాధనం అందింది. మొదటి సీజన్‌లో ఒక్కో అభిమాని పెట్టిన ఖర్చు తగ్గకపోగా పెరిగింది. 2019లో ఆ హాట్ డాగ్ ధరను ఒకటిన్నర డాలరుకు దించారు.