మార్కులు వచ్చిన ఫోను

నిరుడు అమ్మాయి చదువునకై మేమొక స్మార్టుఫోను కొంటిమి. పరీక్షకులు దానికి నూటికి 90 మార్కులిచ్చిరి. మా యింట మాత్రము మాపటివేళకే బ్యాటరీ నిండుకొనుచున్నది. అంతట, ఈ మార్కులెట్లు వేయుదురో విచారించితిమి.

ఇన్‌స్పెక్టరు వచ్చిన దినముననే చదువు బాలుని బడిలో నెరుగుదుము గదా! ఫోనులలోను నట్టివి కలవు. 2018లో హువావే ఫోనులు కొన్ని 3డీమార్క్ అను వేగపరీక్షను గుర్తుపట్టి, అప్పుడు మాత్రమే మితిమీరి పరుగెత్తినవి. బయట నెవ్వరికిని దొరకని ప్రతితో పరీక్షింపగా గుట్టు బయటపడినది. వానిని పట్టికనుండి తొలగించిరి.

న్యాయమెరిగిన పరీక్షకుడు తెరల నన్నిటిని సమానమైన వెలుగునకు దెచ్చియే బ్యాటరీని కొలుచును. ఏ చిత్రము ఏ ఫోనుదో చెప్పకయే తీర్పడుగును. ఫోను తాను కొన్నదో, కంపెనీ యిచ్చినదో దాచక చెప్పును. ఈ మూడును విచారించిన పిమ్మటనే యింటి సొమ్ము వెచ్చింపుడని మా మనవి.