ప్రవక్తకును గీటురాయి కావలెను

ఆదోని విపణిలో పత్తి బోరెములు దిగినప్పుడు కొనువాడు పైపొరను జూచి ధర చెప్పడు. లోనికి చేయి చొనిపి, గుప్పెడు పత్తి వెలికిదీసి, పింజ పొడవును తేమను పరీక్షించిన పిమ్మటనే మాట విడుచును. అమ్మువాడును దీనికి కోపగించుకొనడు. పత్తివిషయమున నింత మెలకువ జూపు మనము, ఒక మానవుడు లేచి దైవము తనతో మాటలాడినదని చెప్పినంతనే చేతులు కట్టుకొని నిలుచుందుము. ధనమును, భూమిని, ఒక్కొక్కచో కన్నబిడ్డలనుగూడ వాని మాటపై నర్పింతుము. ఈ యలవాటు ఎట్టి యనర్థమునకు దారితీయునో తెలియగోరువారు అమెరికాలో మార్మను మతమును స్థాపించిన జోసెఫు స్మిత్తు చరిత్రమును చదువవలెను.

ఆ మతము మనకు కేవలము దూరపు వార్త కాదు. 1853 లోనే రిచర్డు బాలంటైను అను ప్రచారకుడు చెన్నపట్టణమున దిగి కరపత్రములు పంచెను. ఆదోని తాలూకా ఆనాడు చెన్నరాజధానిలోనిదే. ఆ ప్రయత్నము అప్పుడు వేరూనలేదు. 1978 లో సమోవా దీవులనుండి వచ్చిన ఒక తెలుగు దంపతులు హైదరాబాదులో తమ బంధువులకు ఆ మతమును బోధించిరి. 2012 మే నెలలో భారతదేశమునందలి ఆ సంఘపు తొలి మండలము హైదరాబాదుననే యేర్పడెను. బెంగుళూరున ఆలయము కట్టుదుమని 2018 లో ప్రకటించిరి. స్మిత్తు గ్రంథము తెలుగున నున్నది. ఇది తప్పని మే మనము. ఇష్టమైన మతమును స్వీకరించుటకును బోధించుటకును రాజ్యాంగపు 25 వ అధికరణము ప్రతివానికి హక్కు నిచ్చినది. అయితే వినువానికి ప్రశ్నించు హక్కు కూడ కలదు. బోధ మన భాషలో మన యింటి గడపకు వచ్చినప్పుడు బోధకుని చరిత్రము కూడ మన భాషలో తెలియవలదా?

స్మిత్తు 1805 డిసెంబరు 23 వ తేదీన వెర్మాంటు రాష్ట్రమున ఒక పేద రైతుకుటుంబమున జన్మించెను. యౌవనమున ఆతని కొక విద్య కలదని ప్రతీతి. ఒక రాతిని టోపీలో నుంచి, ముఖము టోపీలో దాచికొని, భూమిలో దాగిన నిధులను చూచి చెప్పునట. మనవైపు అంజనము వేసి గుప్తనిధులు చూపెదమనువారి నెరిగిన పాఠకుల కిది వింత గొల్పదు. ఈ వృత్తి కారణముగా 1826 లో ఆతడు న్యూయార్కు రాష్ట్రమున బెయిన్‌బ్రిడ్జి గ్రామమున న్యాయాధికారి యెదుట నిలువవలసివచ్చెను. మరుసటి యేడు, తన యింటికి చేరువనున్న గుట్టలో పాతియున్న బంగారు రేకులను దేవదూత తనకు చూపెననియు, వానిపై ప్రాచీనచరిత్రము లిఖింపబడి యున్నదనియు ఆతడు చెప్పెను. ఆ లిపిని తెనిగించినట్లుగా ఇంగ్లీషున చెప్పి వ్రాయించినదే మార్మను గ్రంథము. అదియు చాలవరకు ఆ టోపీలోని రాతిసాయముననే. ఈ విషయమును విరోధులు మాత్రమే చెప్పుట లేదు. ఆ సంఘమే 2013 లో ప్రకటించి, 2015 లో ఆ రాతి ఛాయాచిత్రమును గూడ ప్రచురించెను.

రేకులను చూచితిమని పదునొకండుగురు సాక్ష్యము వ్రాసియిచ్చిరి. వారిలో ముఖ్యులైన ముగ్గురు తరువాత స్మిత్తుతో విభేదించి సంఘమును వీడిరి. అయినను తమ సాక్ష్యమును వెనుకకు దీసికొనలేదు. ఈ మాటను దాచుట ధర్మము కాదు. కాని రేకులు మాత్రము నేడు లేవు. దేవదూత తిరిగి తీసికొనిపోయెనట. కావున గ్రంథమునకు మిగిలిన ప్రధానమైన ఆధారము స్మిత్తు మాటయే. ఆ మాట ఎట్టి మానవునిదో విచారించుట ఇచ్చట పరనింద కాదు, అవశ్యకర్తవ్యము.

మన భూస్వాములు ముఖ్యముగా గమనింపదగినది మార్టిను హారిసు అను రైతు కథ. గ్రంథముద్రణకు 3,000 డాలర్లు కావలసివచ్చెను. హారిసు తన పొలమును తాకట్టు పెట్టెను. ఆస్తిపై లోభము వదలి ముద్రాపకుని ఋణము దీర్చుమని స్మిత్తు నోట హారిసునకు దైవాజ్ఞ వెలువడెను. 1830 లో 5,000 ప్రతులు అచ్చుపడెను. అవి యనుకొనినట్లు అమ్ముడుపోలేదు. 1831 లో హారిసు 151 ఎకరముల భూమి విక్రయించి ఆ ఋణము తీర్చెను. మొదటినుండియు సంశయించిన ఆతని భార్య తుదకు భర్తనుండి వేరుపడెను. 1837 లో స్మిత్తును ఆతని సహచరులును ఒహైయో రాష్ట్రమున కిర్ట్‌లాండున నడపిన బ్యాంకు ఆ యేడే కూలి, నమ్మి సొమ్ము పెట్టిన భక్తులు నష్టపోయిరి. భూమి యిచ్చువాడొకడు, ఇమ్మని చెప్పు దైవమునకు నోరు వేరొకడు అయినప్పుడు, ఆ యాజ్ఞవలన లాభ మెవ్వరిదని అడుగుట పాపమా?

ఇంతకంటె ఘోరమైనది వివాహవిషయము. బహుభార్యాత్వము ఇల్లినాయి రాష్ట్రమున చట్టవిరుద్ధము. స్మిత్తు దానిని దైవశాసనముగా ఆంతరంగికులకు రహస్యమున బోధించి, తా నాచరించెను. ఆతని వివాహములు 30 కిని 40 కిని నడుమ నుండునని ఆ సంఘమే 2014 లో అంగీకరించెను. ఆ స్త్రీలలో కొందరు అప్పటికే పరుల భార్యలు. అందరికంటె చిన్నది హెలెను మార్ కింబలు అను బాలిక. పదునైదవ యేడు నిండుటకు కొన్ని నెలల ముందే ఆమె నిచ్చి ముడివేసిరి. ఈ సంబంధమువలన తనకును తన తండ్రి యింటివారికిని మోక్షము నిశ్చయమగునని తనకు చెప్పిరని ఆమె వార్ధక్యమున వ్రాసికొనెను. ఆమె తరువాతికాలమున ఆ యాచారమును సమర్థించిన మాటయు నిజమే. కాని తలిదండ్రుల మోక్షభారమును మోయుచు పదునాలుగేండ్ల బిడ్డ కాదని యెట్లు చెప్పగలదు? 1843 జులై 12 వ తేదీ గల దైవవాక్యము స్మిత్తు ధర్మపత్నియైన ఎమ్మాను పేరుపెట్టి పిలిచి, దీనికి సమ్మతింపనిచో నాశనము తప్పదని బెదరించినది. మరుసటి సంవత్సరము మే నెలలో బహిరంగసభలో నిలిచి, తనకు పెక్కండ్రు భార్యలున్నారను మాట అపవాదమని ఆతడు చెప్పెను. దైవాజ్ఞయే యైనచో దానిని దాచనేల?

ఆతనిని నిలదీసినవారు బయటివారు కారు. సంఘమున ఆతని వెంటనే ఉన్నతపదవి వహించిన విలియము లా మొదలగువారు నావూ పట్టణమున 1844 జూను 7 వ తేదీన ఒక పత్రికను వెలువరించి, రహస్యవివాహములను ప్రకటించిరి. అదే తొలి సంచిక, అదే తుది సంచిక. స్మిత్తు అప్పుడు ఆ పట్టణమునకు నగరాధ్యక్షుడు. పత్రిక ప్రజాపీడ యని పురపాలకసభచే తీర్మానము చేయించి, 10 వ తేదీన ముద్రాయంత్రమును పగులగొట్టించెను. అచ్చుటక్షరములు వీథిపాలయ్యెను. 1910 నాటి ప్రెస్సు చట్టముక్రింద ధరావతులకును జప్తులకును గురియైన చరిత్రము గల తెలుగు పత్రికాలోకమున కీ కార్యపు రూపము చక్కగా తెలియును. అపవాదమైనచో న్యాయస్థానము కలదు. సమాధానము కలవాడు సమాధానము చెప్పును. లేనివాడే యంత్రమును పగులగొట్టును.

అయినను స్మిత్తునకు జరిగినది న్యాయమని చెప్పువారితో మే మేకీభవింపము. రాష్ట్రాధిపతి రక్షణ కల్పింతునని మాట యిచ్చిన పిమ్మట కార్తేజి చెరసాలలో నున్న ఆతనిని, ఆతని యన్నయగు హైరమును, 1844 జూను 27 వ తేదీన ముఖములకు నలుపు పూసికొని వచ్చిన గుంపు కాల్చి చంపెను. స్మిత్తున కప్పటికి 38 ఏండ్లు. విచారణకు వచ్చిన అయిదుగురును నిర్దోషులుగా విడుదలయైరి. అంతకు ముందు 1838 లో మిస్సోరి రాష్ట్రాధిపతి, మార్మనులను నిర్మూలింపవలెను లేదా రాష్ట్రమునుండి తరుమవలెను అని ఉత్తరువు చేసెను. మూడు దినములలో హాన్ మిల్లు అను పల్లెలో 17 గురు హతులైరి. ఆ ఉత్తరువును ఆ రాష్ట్రము 1976 లో గాని రద్దుచేయలేదు. ఈ దౌర్జన్యము సాధించిన దేమి? న్యాయస్థానమున నిలిచి సమాధానము చెప్పవలసిన మనుష్యుని హుతాత్మునిగా జేసినది. ఆతడు పోయిన పిమ్మట అనుచరులు 1847 లో ఎడారి దాటి యూటాలో నివాస మేర్పరచుకొనిరి. నేడు తమ సంఖ్య కోటి డెబ్బది లక్షలకు మించినదని సంఘము చెప్పుచున్నది. వారి కష్టసహిష్ణుతయు, మద్యపానవర్జనమును, పరస్పరసహాయమును మెచ్చదగినవే. అనుచరుల సద్గుణములు వారి సొత్తు. అవి స్థాపకుని లెక్కను చెల్లింపజాలవు.

ఇచ్చట ఒక ఆక్షేపణ వచ్చును. బోధను చూడవలెను గాని బోధకుని దోషముల నెన్ననేల యని కొందరందురు. వేమన చెప్పిన నీతి కర్త యెవ్వరని తెలియకున్నను నిలుచును. దాని బలము దాని యర్థముననే యున్నది. నాకు మాత్రమే కనబడిన దేవదూత నాకు మాత్రమే చెప్పెనను మాట యట్టిది కాదు. చెప్పినవాని సత్యసంధత తప్ప దానికి వేరు పునాది లేదు. పరిశీలనకు వీలైన చోట్ల ఆ పునాది యెట్లున్నదో 1967 లో తేలినది. 1835 లో స్మిత్తు ఈజిప్టు మమ్మీలతో కూడ కొనిన తాళపత్రప్రాయములైన ప్రాచీనపత్రములు అబ్రహాము స్వహస్తలిఖితములని చెప్పి భాషాంతరీకరించెను. వాని శకలములు న్యూయార్కు వస్తుప్రదర్శనశాలలో బయల్పడి సంఘమునకు చేరగా, అవి మృతులతో సమాధిలో నుంచు కర్మకాండపత్రములని ఆ లిపి చదువనేర్చిన పండితులు నిర్ణయించిరి. ఆ పత్రములలోని యక్షరములకును స్మిత్తు అనువాదమునకును పొంతన లేదని సంఘముకూడ 2014 లో నొప్పుకొనెను. నూటడెబ్బది సంవత్సరముల జాప్యమైనను, తమ స్థాపకునికి ప్రతికూలమగు సంగతులను తామే ప్రకటించిన ఆ ధైర్యమును మెచ్చవలసినదే.

మన మఠములలో, ఆశ్రమములలో అట్టి ధైర్యము కలవెన్ని? బనగానపల్లెలో పోతులూరి వీరబ్రహ్మము తాళపత్రములు వ్రాసి చింతచెట్టుక్రింద పాతెనని సంప్రదాయము. 2020 లో మహమ్మారి వచ్చినంతనే, దానిని బ్రహ్మముగారు ముందే చెప్పిరని వాక్యములు చేతిఫోనులలో వ్యాపించినవి. అవి ఏ ప్రాచీనప్రతిలో నున్నవని అడిగిన వారెందరు? గుట్టలోని బంగారు రేకులకు సాక్ష్య మడుగువారు చింతచెట్టు క్రింది తాటాకులకును అడుగవలెను. ఆ మహాత్మునియందు గౌరవమున్నవారే ముందుగా అడుగవలెను. ఆయన పేర కల్పితము చేరుట ఆయనకే అపచారము గదా.

హెలెను కథ విని అమెరికావారిని మాత్రము నిందించుటకు మనకు నోరెక్కడిది? కుటుంబక్షేమమునకై దేవునికి మ్రొక్కుకొని ఆడుబిడ్డను బసివిని చేయు దురాచారము ఈ పడమటి తాలూకాలలోనే వర్ధిల్లెను. దైవము పేర ఆ బిడ్డ కోల్పోయినది తన జీవితము. లాభించినది గ్రామపెద్దల భోగలాలస. 1947 లో చెన్నరాజధానియు, 1988 లో ఆంధ్రప్రదేశమును దీనిని చట్టముచే నిషేధించెను. మార్మనుల బహుభార్యాత్వముపై 1879 లో అమెరికా సర్వోన్నతన్యాయస్థానము తీర్పు చెప్పుచు, విశ్వాసము స్వేచ్ఛాధీనము, ఆచరణము చట్టాధీనము అని నిర్ణయించి, సహగమనమును దృష్టాంతముగా జూపెను. ఆ దృష్టాంతము మనదేశపుది. సహగమనమును మనము 1829 లోనే చట్టమున మాన్పుకొంటిమని గర్వించుట కొకవంక కలదు. బాల్యవివాహములు ఈ ప్రాంతమున నేటికిని సమసిపోలేదని సిగ్గుపడుట కొకవంక కలదు.

కృష్ణగిరి, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల గృహస్థులు దానశీలురు. ఒక మఠమున కెకరము వ్రాసి యిచ్చుటకు, ఒక స్వామి పాదపూజకు వేలు వెచ్చించుటకు వెనుదీయరు. దానము మానుడని మేము చెప్పము. 1938 లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరున స్థాపించిన చేనేత సహకారసంఘమువంటి సంఘములు ఏటేట లెక్కలు తనిఖీ చేయించి సభ్యులముందు పెట్టవలెనని చట్టము. నేతగాని కూలిడబ్బునకు లెక్క యుండగా, దైవము పేర పుచ్చుకొన్న భూమికి లెక్క యుండవలదా? దస్తావేజుపై చేవ్రాలు చేయుటకు ముందు లెక్క లడుగుడు. ఈ యాజ్ఞవలన లాభపడువా డెవ్వడో చూడుడు. ప్రశ్న వినినప్పుడు గురువు ముఖ మెట్లు మారునో గమనింపుడు. బిడ్డ నిమ్మని, ఇంటివారికి చెప్పవలదని, ఎదిరి పత్రికను కాల్చుమని చెప్పు నోరు ఏ మతము పేర పలికినను, ఏ భాషలో పలికినను, అది దైవపు నోరు కాదని నిశ్చయించుకొనుడు. మేలిమి బంగారము గీటురాతికి వెరవదు.