వామన వృక్షం

నిజామాబాదు పట్టణంలోని పాత వీధులలో నడిచేవారికి ఒక దృశ్యం తరచుగా కనిపిస్తుంది. సున్నం రాలిన గోడ పగులులోనో, డాబా మీది వాననీటి గొట్టం పక్కనో ఒక రావి మొలక తలెత్తి నిలిచి ఉంటుంది. పక్షి విడిచిన గింజ నుండి పుట్టిన ఆ మొక్కకు నేల లేదు, ఎరువు లేదు, నీరు పోసే చేయి లేదు. అయినా లేత ఆకులు రాగిరంగులో మెరుస్తూనే ఉంటాయి. ఇంటి యజమాని దృష్టిలో అది గోడను చీల్చే శత్రువు. కనుక ఒకనాడు దాన్ని పెరికివేస్తాడు. అందులో అతని తప్పు లేదు. ఇల్లు కాపాడుకోవడం గృహస్థ ధర్మం. కాని అదే మొక్కను వేళ్లు తెగకుండా మెల్లగా వెలికితీసి, మట్టిపళ్లెంలో నాటి, పది పదిహేనేళ్లు ఓపికతో సాకితే, మూరెడు ఎత్తులోనే అది వయోవృద్ధ వృక్షపు గాంభీర్యాన్ని సంతరించుకుంటుంది. దీనినే బోన్‌సాయ్ అంటారు. తెలుగువారు దీనికి వామన వృక్షమని అందమైన పేరు పెట్టుకున్నారు.

అందం సరే, న్యాయమెంత? ఆకాశాన్ని అందుకోవలసిన చెట్టును పళ్లెంలో బంధించడం కళ అవుతుందా, క్రౌర్యమవుతుందా? ఇంట బోన్‌సాయ్ పెంచే ప్రతివారికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న ఎదురవుతుంది. దీనికి సమాధానం చెప్పుకోవాలంటే ముందుగా ఈ కళ స్వరూపాన్ని తెలుసుకోవాలి.

బోన్‌సాయ్ అనేది జపాను మాట. ‘బోన్’ అంటే లోతు తక్కువ గల పళ్లెం, ‘సాయ్’ అంటే నాటడం. ఈ కళకు మెట్టినిల్లు జపాను కాగా పుట్టినిల్లు చైనా. క్రీ.శ. 706 నాటి టాంగ్ వంశపు రాకుమారుడు ఝాంగ్‌హువాయ్ సమాధిలోని కుడ్యచిత్రాలలో, చిన్న చెట్లు, రాళ్లు అమర్చిన పళ్లేన్ని చేతబట్టుకొని నడిచే పరిచారిక రూపం ఉంది. తరువాతి కాలంలో ఈ విద్య జపాను చేరి అక్కడి ప్రజల సౌందర్యదృష్టిలో భాగమైంది. 1923లో సంభవించిన మహాభూకంపానికి టోక్యో నగరం దెబ్బతిన్నప్పుడు, అక్కడి బోన్‌సాయ్ పెంపకందారులు కొందరు తమ చెట్లతో ఒమియా ప్రాంతానికి తరలిపోయి, 1925లో ఒక బోన్‌సాయ్ పల్లెనే నెలకొల్పుకున్నారు. సర్వం కోల్పోయిన వేళ కూడా చెట్లను విడిచిపెట్టని ఆ అనురాగం గమనింపదగినది.

వామన వృక్షం ఒక ప్రత్యేకమైన పొట్టిజాతి అని చాలామంది భ్రమపడతారు. అది నిజం కాదు. ఊరి చివర ఊడలు దించిన మర్రి, పళ్లెంలోని మర్రి ఒకే జాతివి. మొక్కకు తిండి పెట్టకుండా మాడ్చి పొట్టిగా చేస్తారన్నది మరొక అపోహ. మాడిన మొక్క చచ్చిపోతుందే గాని బోన్‌సాయ్ కాదు. ఇక్కడ జరిగేది వేరు. చెట్టులో వేరుకు, కొమ్మకు మధ్య ఒక తూకం ఉంటుంది. లావైన వేళ్లను అదుపులో ఉంచి, పీచువేళ్లను పెంచి, ఆ మేరకు పై కొమ్మలను కత్తిరిస్తూ పోతే, చెట్టు తనకున్న చోటుకు తగినట్లుగా తన పెరుగుదలను కుదించుకుంటుంది. కొత్త ఆకులు క్రమంగా చిన్నవవుతాయి. విచిత్రమేమిటంటే పూలు, కాయలు మాత్రం అంతగా చిన్నవి కావు. చిట్టి దానిమ్మ చెట్టుకు పెద్ద పువ్వు పూయడం చూసినవారికి ఆ వింత మరపురాదు.

నిజామాబాదు వంటి చోట ఈ విద్యను అభ్యసించేవారికి మొదటి పాఠం చెప్పేది మట్టి. 1931 నాటికి మంజీరానది మీద నిజాంసాగర్ నిర్మాణం పూర్తయి కాలువలు పారడం, 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం నెలకొనడం ఈ ప్రాంతాన్ని చెరకుసీమగా మార్చాయి. ఇక్కడి నల్లరేగడి చెరకుకు తల్లి వంటిది. తడిని పట్టి ఉంచుతుంది. ఆ గుణమే పళ్లెంలో దోషమవుతుంది. తడి ఆరని మట్టిలో వేళ్లు కుళ్లిపోతాయి. అందుచేత ఎర్రమట్టి, ముతక ఇసుక, చిన్న ఇటుకముక్కలు, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, పోసిన నీరు వెంటనే జారిపోయే మిశ్రమాన్ని తయారుచేసుకోవాలి. చెరకురసాన్ని వడగట్టినప్పుడు మిగిలే మడ్డిని చెరకు రైతులు పొలానికి ఎరువుగా వాడతారు. బాగా మాగిన తరువాత అది పిడికెడు ఈ మిశ్రమంలోనూ కలుపుకోవచ్చు. నేలకు వరమైనది పళ్లేనికి శాపం కావచ్చునని గ్రహించడమే ఈ విద్యలో అక్షరాభ్యాసం.

రెండవ పాఠం ఎండ చెబుతుంది. వేసవిలో ఇక్కడి ఉష్ణోగ్రత 45 డిగ్రీలను తాకుతుంది. నేలలోని చెట్టు లోతుకు వేళ్లు పంపి నీరు వెదుక్కుంటుంది. పళ్లెంలోని చెట్టుకు ఆ స్వేచ్ఛ లేదు. రెండు అంగుళాల మట్టి ఒక్క పూటలోనే ఎండిపోతుంది. ఉదయం, సాయంత్రం నీరు పోయాలి, మధ్యాహ్నపు ఎండ నుండి నీడ కల్పించాలి. రెండు రోజులు పెళ్లికని ఊరికి వెళ్లినా పక్కింటివారికి అప్పగించి వెళ్లాలి. అయితే ఎండకు భయపడి గదిలో బల్ల మీద పెట్టరాదు. బోన్‌సాయ్ అలంకార వస్తువు కాదు, చెట్టు. వెలుతురు, గాలి, వాన దాని హక్కులు.

ఈ ప్రాంతానికి తగిన చెట్లకు కొదువ లేదు. మర్రి, రావి, జువ్వి, మేడి గాయాన్ని త్వరగా మాన్చుకుంటాయి. అజాగ్రత్తను కొంతవరకు క్షమిస్తాయి. చింతకు స్వభావసిద్ధంగానే చిట్టి ఆకులు, గరుకైన బెరడు ఉంటాయి కనుక చిన్న వయసులోనే పెద్దరికం కనిపిస్తుంది. దానిమ్మ, కాగితంపూల చెట్టు పూలతో అలరిస్తాయి. తొలకరి జల్లులు పడి గాలిలో తడి పెరిగిన వేళ మర్రి జాతులకు పళ్లెం మార్చడం మేలు. రెండు మూడేళ్లకొకసారి చెట్టును వెలికితీసి, చుట్టలు చుట్టుకున్న వేళ్లలో సుమారు మూడోవంతు కత్తిరించి, కొత్త మట్టిలో నాటి, చిగురు వచ్చేవరకు నీడలో ఉంచాలి.

ఇక రూపం దిద్దడం. నిటారుగా నిలిచేవి, వంపులు తిరిగేవి, గాలికి ఒరిగినట్లుండేవి, జలపాతంలా కిందికి దూకేవి, వేళ్లతో బండను కౌగిలించుకునేవి అని ఎన్నో రీతులున్నాయి. ఏ చెట్టుకు ఏ రీతి తగునో చెప్పవలసినది పుస్తకం కాదు, ఆ చెట్టు మొదలే. మొదలు ఎటు వంగి ఉందో, వేళ్లు ఎటు పరుచుకున్నాయో, బలమైన కొమ్మ ఏదో చాలా రోజులు చూసిన తరువాతనే కత్తెర పట్టాలి. కొమ్మను వంచడానికి రాగి లేదా అల్యూమినియం తీగ చుడతారు. కొమ్మ ఆ వంపుకు అలవాటు పడగానే, బెరడును కోయకముందే, దాన్ని విప్పివేయాలి. విప్పడం మరచిన తీగ జీవితాంతం చెరగని మచ్చ మిగులుస్తుంది. తీగ చుట్టడం తెలిసినవారు శిల్పులు. విప్పవలసిన సమయం తెలిసినవారే వృక్షప్రేమికులు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి రావాలి. తెలుగు పాఠకులలో చాలామందికి బోన్‌సాయ్ పళ్లెంలో కంటే ముందు కథలో పరిచయమైంది. అబ్బూరి ఛాయాదేవి రచించిన ‘బోన్‌సాయ్ బ్రతుకు’ కథలో, చదువుకు నోచుకోని అక్కయ్య ఉద్యోగం చేస్తున్న చెల్లెలి ఇంటికి వస్తుంది. కుండీలోని చిట్టి చెట్లను చూస్తుంది. గాలివాన వచ్చినప్పుడు బయటి పెద్దచెట్టు తాను నిలబడటమే గాక, దారినపోయేవారికి ఆశ్రయమివ్వడం గమనిస్తుంది. కుండీలోని చెట్టుకు ఎవరో ఒకరి రక్షణ కావాలి. ఎదగనివ్వని స్త్రీ బతుకూ అంతేనని ఆమె గ్రహిస్తుంది. 2005లో ‘తన మార్గం’ కథల సంపుటికి సాహిత్య అకాడమీ పురస్కారం అందుకొని, 2019లో పరమపదించిన ఆ రచయిత్రి, బోన్‌సాయ్‌ను తెలుగు సాహిత్యంలో ఒక తిరుగులేని ప్రతీకగా నిలిపారు.

ఈ అభియోగాన్ని తేలికగా తోసిపుచ్చరాదు. మహబూబ్‌నగర్ సమీపంలోని పిల్లలమర్రి సుమారు మూడెకరాల మేర విస్తరించింది. కదిరి ప్రాంతంలోని తిమ్మమ్మ మర్రిమాను అయిదెకరాలకు పైగా పరుచుకొని 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఆ మహావృక్షాల నీడలో నిలిచినవారికి పళ్లెంలోని మర్రి మీద జాలి కలగడం సహజమే.

అయితే చెట్టు విషయంలో కోత అంతా హింస కాదు. బోధన్ రైతు చెరకును నేలమట్టానికి నరుకుతాడు. ఆ మోళ్ల నుండి మళ్లీ పిలకలు లేచి మరో పంట వస్తుంది. దాన్నే కార్శి తోట అంటారు. మల్లెను కత్తిరిస్తేనే పూత, మునగను నరికితేనే కాపు. కోతకు చిగురుతో బదులు చెప్పడం వృక్షధర్మం. పైగా బోన్‌సాయ్ ఆయుష్షు తక్కువేమీ కాదు. జపానులో 1625 నుండి పెంచుతూ వచ్చిన ఒక పైన్ జాతి బోన్‌సాయ్ 1945లో హిరోషిమాపై అణుబాంబు పడినప్పుడు, ఆ స్థలానికి సుమారు మూడు కిలోమీటర్ల దూరంలో ఒక గోడ చాటున ఉండి బతికి బయటపడింది. దానిని పెంచిన యమాకి కుటుంబం 1976లో, బాంబు వేసిన అమెరికాకే కానుకగా పంపింది. 2001లో మనుమలు వాషింగ్టన్ వెళ్లి చెప్పేవరకు ఆ చెట్టు హిరోషిమా నుండి వచ్చినదని అక్కడివారికి తెలియదు. తరతరాలుగా ఎవరో ఒకరు ప్రతిదినం నీరు పోయకుంటే ఆ చెట్టు లేదు, ఆ క్షమాగుణ గాథా లేదు.

ఇక భారీతనమే రక్షణ అనుకోవడమూ పొరపాటే. చెదలు పట్టి కొమ్మలు కూలుతున్న పిల్లలమర్రికి 2018లో సెలైను సీసాల ద్వారా మందు ఎక్కించి కాపాడవలసి వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరొందిన బోధన్ చక్కెర కర్మాగారం 2015లో మూతపడింది. దాని నీడన బతికిన కుటుంబాలు చెదరిపోయాయి. చిన్నదైనా పెద్దదైనా, సాకే చేతులు వెనుదీసిన నాడు నిలువదు. ఈ సత్యాన్ని ప్రతి ఉదయం చెంబెడు నీళ్లతో గుర్తుచేసేది వామన వృక్షం.

కనుక బోన్‌సాయ్ పెంపకం తగిన వ్యాసంగమే. కాని దానికి కొన్ని హద్దులున్నాయి. అడవిలో నిలదొక్కుకున్న ముసలి మొక్కను పెకలించి తెచ్చి త్వరగా పేరు పొందాలనుకోవడం దొంగతనంతో సమానం. గోడపగులులోని మొలకే చాలు. వేలు పోసి సిద్ధంగా ఉన్న చెట్టును కొని అతిథుల ముందు ప్రదర్శించడం సంపదను చాటుతుందే తప్ప సాధనను కాదు. డాబా మీద పది వామన వృక్షాలు పెంచి, వాకిట్లోని వేపను కారు నిలపడానికి అడ్డమని కొట్టించే ఇంటికి వృక్షప్రేమ ఉన్నదనలేము. పళ్లెంలోని చెట్టు కంటికి ఇంపు. బాటసారికి నీడనిచ్చేది నేలలోని చెట్టే. ఒకటి పెంచేవారు రెండవదానికి రుణపడి ఉంటారు.

అన్నిటికంటే ముఖ్యమైన హద్దు మరొకటి ఉంది. తీగ చుట్టవలసినది కొమ్మకే గాని మనిషికి కాదు. ఆడపిల్లకు ఇంత చదువు చాలునని తుంచేవారు, చరిత్ర చదవాలనుకున్న కుమారుని బలవంతంగా ఇంజనీరింగు వైపు వంచేవారు తమ ఆశలనే తీగలుగా చుడుతున్నారు. చెట్టు కోతకు చిగురుతో బదులు చెబుతుంది. మనసు అలా చెప్పలేదు. ఛాయాదేవి ఎత్తిచూపిన అన్యాయం ఇదే. ఆ విషయంలో కథే నెగ్గుతుంది, కళ తలవంచాలి.

ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు తన కుమారుడు శ్వేతకేతువును మర్రిపండు తెమ్మంటాడు. దాన్ని చిదిమి, గింజను చిదిమి, లోపల ఏమున్నదని అడుగుతాడు. ఏమీ కనిపించడం లేదంటాడు కుమారుడు. ఆ కనిపించని సూక్ష్మం నుండే ఇంతటి మర్రి పుట్టిందని తండ్రి బోధిస్తాడు. పళ్లెంలో ఇరవై ఏళ్లు గడిపిన మర్రి విషయంలోనూ ఇది అక్షరసత్యం. కత్తెర రూపాన్ని మార్చింది గాని బీజాన్ని మార్చలేదు. ఆ చిట్టి చెట్టు నుండి ఒక కొమ్మ కోసి ఊరి చెరువుగట్టున నాటితే, అది పొట్టిదిగా పెరగదు. కాలక్రమంలో ఊడలు దించి, ఊరంతటికీ నీడనిస్తుంది. చదువుకు నోచుకోని తల్లి కుమార్తె కళాశాల మెట్లెక్కడం కూడా ఇటువంటిదే. మూడడుగుల వామనుడిలో త్రివిక్రముడు ఎన్నడూ లేకుండా పోలేదు.