ఆ కట్టలు పొడి కాకముందే

తహసీల్దారు గారికి,

మా ముత్తాత పేరు ఇంట్లో అందరికీ తెలుసు. ఆయన తండ్రి పేరు ఎవరికీ తెలియదు. అది మీ రికార్డు గదిలోనే ఉండాలి. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యాక ఊళ్ల లెక్కలు సర్కారు కార్యాలయాలకే కదా చేరాయి!

మూడుసార్లు వచ్చాను. ఒకసారి తాళంచెవి లేదన్నారు. ఇంకోసారి సర్వే నంబరు అడిగారు. భూమి కోసం కాదు, మనిషి కోసమంటే నవ్వారు. మూడోసారి కట్ట విప్పితే అట్ట చేతికొచ్చింది, లోపలి కాగితం పొడిపొడిగా రాలింది. సెంటు భూమి లేని కుటుంబాలు అడంగళ్లలో కనబడవు. వాళ్లకు పాత జనన మరణాల రిజిస్టరే దిక్కు.

దాన్ని ముందు స్కాన్ చేయించండి. అంతవరకు వారానికో పూట, మీ సిబ్బంది ఎదుటే చూసుకోనివ్వండి. రుసుమెంతో గోడమీద రాయించండి, కడతాం. వానలొస్తున్నాయి, ఆ గది కప్పు కారుతోంది.