అది పాత సామాన్ల కొట్టు కాదు



అమెరికా పల్లె మ్యూజియాలన్నీ పాత సామాన్ల కొట్లనీ, వలస వచ్చినవాళ్ల గొప్పలు చెప్పుకొనే చోట్లనీ మీ పత్రిక గత సంచిక వ్యాసంలో రాశారు. చదివి మనసు చివుక్కుమంది. మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు అయోవా రాష్ట్రం అర్బన్‌డేల్‌లో 1970లో ఏర్పడిన లివింగ్ హిస్టరీ ఫార్మ్స్ చూశాను. అక్కడ చూపే చరిత్రలో మొదటిది వలసవాళ్ల ఇల్లు కాదు, 1700 నాటి అయోవే అనే ఆదివాసీ తెగ పొలం. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించింది ఆ తెగ ఆడవాళ్లే. 1850 నాటి దుంగల ఇల్లు ఆ తర్వాతే.

ఆ ఇంటి ఎద్దుల సేద్యం గురించి చెప్పాలి. అక్కడి ఎద్దులకు మూపురం ఉండదు. అందుకని కాడికి గుచ్చిన వంపు కర్ర మెడ కిందుగా చుట్టి వస్తుంది. ముకుతాడు లేదు, పగ్గాలు లేవు. తోలేవాడు ఎడమపక్కన నడుస్తూ ‘జీ’ అంటే కుడికి, ‘హా’ అంటే ఎడమకి తిరగాలి. సేద్యగాళ్ల ఇంట పుట్టిన నాకు అక్కణ్ణుంచి కదలబుద్ధి కాలేదు. ఇది కొట్లో దొరికే సామానా?

మన దగ్గర కపిల తోలినవాళ్లు, గొర్రుతో విత్తినవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లుండగానే జిల్లాకొక పొలమైనా ఇలా నిలబెట్టమని మీ పత్రిక ప్రభుత్వాలను గట్టిగా అడగాలి.

– ఒక పాఠకుడు, తెనాలి