ఆ బల్బు ఎందుకు పెట్టాడు?
వీన్ బ్రిడ్జ్ ఆసిలేటర్‌కు గెయిన్ 3 ఉండాలని సీనియర్ రికార్డు చూసి మీరూ రాసే ఉంటారు. ఇంటర్వ్యూలో ‘3 లేకపోతే?’ అని అడిగితే? తగ్గితే ఆసిలేషన్ ఆగిపోతుంది. పెరిగితే సైన్ వేవ్ పైనా కిందా తెగిపోతుంది.

ఈ బ్రిడ్జ్‌ను మాక్స్ వీన్ 1891లోనే రూపొందించాడు. తర్వాత స్టాన్‌ఫర్డ్ విద్యార్థి బిల్ హ్యూలెట్ దాంతో చేసిన ఆసిలేటర్ ఫీడ్‌బ్యాక్‌లో ఓ చిన్న బల్బు పెట్టాడు. సిగ్నల్ పెరిగితే ఫిలమెంట్ వేడెక్కుతుంది, రెసిస్టెన్స్ పెరుగుతుంది, గెయిన్ దానంతటదే తగ్గుతుంది. హ్యూలెట్-ప్యాకర్డ్ తొలి ఉత్పత్తి 200ఏ పుట్టింది అలాగే.

ఫార్ములా అందరికీ వస్తుంది. అది ఎక్కడ తేడా కొడుతుందో చెప్పేవాళ్లే తక్కువ. ఈసారి రికార్డులో ప్రతి విలువ పక్కన ‘ఇది మారితే?’ అని రాసుకోండి. జవాబు బ్రెడ్‌బోర్డు మీద వెతకండి.