వినోద వనాలకు కొత్త హంగులు: అప్పుతోనా, ఆదాయంతోనా?

దేశంలోని వినోద ఉద్యానాలు పోటాపోటీగా కొత్త హంగులు సంతరించుకుంటున్నాయి. చెన్నై శివార్లలో, తిరుప్పోరూర్ సమీపాన 2025 డిసెంబరులో ప్రారంభమైన వండర్‌లా ఉద్యానం ఈ పోటీకి నిదర్శనం. ఇంచుమించు 65 ఎకరాల విస్తీర్ణంలో, 600 కోట్ల రూపాయలకు పైబడిన వ్యయంతో నిర్మించిన ఈ ఉద్యానానికి ప్రధాన ఆకర్షణ ‘తంజోరా’ అనే రోలర్ కోస్టర్. దీని బోగీలు పట్టాల కింద వేలాడుతూ, ప్రయాణికుల కాళ్లు గాలిలో తేలుతుండగా మెలికలు తిరుగుతూ దూసుకుపోతాయి. స్విట్జర్లాండుకు చెందిన బోలిగర్ అండ్ మాబిలార్డ్ సంస్థ రూపొందించిన ఈ తరహా భారీ కోస్టర్ దేశంలో ఇదే మొదటిది. ఇటువంటి ఆకర్షణలకు జనం రావడంలో వింత లేదు. వాటికి వెచ్చించే ధనం ఎక్కడి నుంచి వస్తున్నదన్నదే ఈ పరిశ్రమ తలరాతను నిర్ణయించగల ప్రశ్న.

తప్పనిసరి వ్యయం

వినోద ఉద్యానాల వ్యాపారం స్వభావరీత్యా క్లిష్టమైనది. సందర్శకులలో అధికభాగం సమీప నగరాలవారే. ఒకసారి చూసినవారు మళ్లీ రావాలంటే కొత్తదనం ఉండాలి. అందువల్ల కొన్నేళ్లకొకసారి కొత్త రైడ్లు నెలకొల్పడం, పాతవాటిని పునరుద్ధరించడం అనివార్యమవుతుంది. వేసవి సెలవులలో కిటకిటలాడే ఉద్యానాలు వానాకాలంలో వెలవెలబోతాయి. జనం వచ్చినా రాకున్నా విద్యుత్తు, జీతాలు, యంత్రాల మరమ్మతుల ఖర్చు మాత్రం ఆగదు. ఈ స్థిరవ్యయానికి వడ్డీభారం కూడా తోడైతే ఏమవుతుందో మహారాష్ట్ర అనుభవం చాటిచెబుతోంది.

ఇమాజికా గుణపాఠం

సినీ నిర్మాత మన్మోహన్ శెట్టి ఆధ్వర్యంలో ముంబయి-పుణె ఎక్స్‌ప్రెస్ రహదారి చెంత, ఖోపోలీ వద్ద 2013 ఏప్రిల్‌లో ‘అడ్‌ల్యాబ్స్ ఇమాజికా’ ఆరంభమైంది. అంతర్జాతీయ స్థాయి థీమ్ పార్కును దేశానికి పరిచయం చేయాలన్న సంకల్పంతో సుమారు 1,600 కోట్ల రూపాయలు వెచ్చించారు. ‘నైట్రో’ అనే భారీ కోస్టర్‌ను తెప్పించారు. తంజోరాను రూపొందించిన స్విస్ సంస్థే దానినీ తయారు చేయడం గమనార్హం. జలక్రీడల పార్కు, హోటలు ఆ వెంటనే తోడయ్యాయి.

హంగులకు కొదవ లేకపోయినా, నిధులలో పెద్ద భాగం బ్యాంకుల రుణమే. సందర్శకుల సంఖ్య అంచనాలను అందుకోలేదు. 2015లో వాటాల జారీకి మదుపరుల స్పందన కొరవడి, ధర తగ్గించి గడువు పొడిగించవలసి వచ్చింది. రుణం వెయ్యి కోట్లు మించిపోగా, వాయిదాల చెల్లింపు నిలిచిపోయింది. 2020లో కరోనా కారణంగా ద్వారాలు మూతపడటం గోరుచుట్టుపై రోకటిపోటు అయింది. చివరకు బ్యాంకులు తమ బకాయిలలో కొంత వదులుకోగా, 2022లో యాజమాన్యం మల్పానీ గ్రూపు చేతికి మారింది. రైడ్లు అవే, ప్రదేశం అదే. వడ్డీభారం తగ్గిన తరువాతనే సంస్థ తేరుకుని, తెలుగు యాత్రికులకు చిరపరిచితమైన షిర్డీలోని ‘సాయితీర్థ్’ వంటి ఉద్యానాలను తన గొడుగు కిందకు తెచ్చుకోగలిగింది. బ్యాంకులు వదులుకున్న మొత్తంలో ప్రభుత్వరంగ బ్యాంకుల సొమ్ము, అంటే ప్రజల సొమ్ము, ఉన్నదన్న సంగతి విస్మరించరానిది.

నిదానమే ప్రధానం

వండర్‌లా నడిచిన దారి ఇందుకు పూర్తిగా భిన్నం. వీ-గార్డ్ వ్యవస్థాపకుడు కొచ్చౌసెఫ్ చిట్టిలప్పిళ్లి 2000లో కొచ్చి వద్ద ‘వీగాలాండ్’ పేరిట ఈ వ్యాపారానికి శ్రీకారం చుట్టారు. 2005లో బెంగళూరు సమీపాన రెండవది, 2016 ఏప్రిల్‌లో హైదరాబాదు శివారు రావిర్యాలలో మూడవది వెలిశాయి. ఒకటి నిలదొక్కుకుని లాభాలు ఆర్జించాకనే మరొకటి చేపట్టడం ఆనవాయితీ అయింది. కొన్ని రైడ్లను సొంతంగా తయారు చేసుకోవడం వల్ల దిగుమతుల ఖర్చు తగ్గింది. 2014లో ప్రజలకు వాటాలు జారీచేసి సేకరించిన నిధులు హైదరాబాదు ఉద్యానానికి తోడ్పడ్డాయి. 2024 డిసెంబరులో సంస్థాగత మదుపరుల నుంచి 540 కోట్ల రూపాయలు సమకూర్చుకున్నారు. వాటాల ద్వారా వచ్చిన నిధికి నెలనెలా వడ్డీ కట్టనక్కర లేదు. కనుకనే కరోనా కాలంలో నష్టాలు వచ్చినా ఈ సంస్థ బ్యాంకుల గుమ్మం ముందు నిలబడవలసిన దుస్థితి దాపురించలేదు.

2024 మేలో ఆరంభమైన భువనేశ్వర్ ఉద్యానానికి ఒడిశా ప్రభుత్వం భూమిని కౌలుకు ఇచ్చింది. దీనివల్ల పెట్టుబడి భారం తగ్గుతుందన్నది నిజమే. అయితే సర్కారు భూమికి దాని చిక్కులు దానికి ఉంటాయి. 1984లో ఢిల్లీ ప్రగతి మైదానంలో వెలసి ఒక తరాన్ని అలరించిన అప్పూఘర్, ఆ స్థలం సుప్రీంకోర్టు విస్తరణకు అవసరం కావడంతో 2008లో మూతపడింది.

పన్నుల ఊగిసలాట

ప్రభుత్వాల పన్ను విధానంలో నిలకడ లేకపోవడం మరొక సమస్య. 2015 జూన్‌లో ఈ ఉద్యానాల ప్రవేశ రుసుమును కేంద్రం సేవా పన్ను పరిధిలోకి తెచ్చింది. 2017 జూలైలో వస్తు సేవల పన్ను అమలులోకి రాగానే ఏకంగా 28 శాతం విధించారు. పరిశ్రమ మొర ఆలకించి 2018 జనవరిలో దానిని 18 శాతానికి తగ్గించారు. కాగా, వస్తు సేవల పన్నులో వినోదపు పన్ను విలీనమైనప్పటికీ, స్థానిక సంస్థలకు దానిని వసూలు చేసుకునే అధికారం మిగిలింది. తమిళనాడులో ఆ పన్ను నుంచి మినహాయింపు కోసం ఎదురుచూపులతోనే చెన్నై ఉద్యానం కొన్నేళ్లు స్తంభించింది. దశాబ్దాల మన్నిక గల యంత్రాలపై పెట్టుబడి పెట్టేవారికి రెండేళ్లకొకసారి మారే పన్ను రేట్లు భరోసా ఇవ్వజాలవు.

ఈ భారమంతా అంతిమంగా పడేది సందర్శకుడి మీదనే. చెన్నైలో ప్రారంభ టిక్కెట్టు ధర ఒక్కొక్కరికి ఇంచుమించు 1,500 రూపాయలు. నలుగురున్న కుటుంబానికి ప్రవేశానికే ఆరువేలు. ప్రయాణం, భోజనం అదనం. మధ్యతరగతి కుటుంబం ఏడాదికొకసారి వెళ్లడానికి కూడా ముందూవెనుకా ఆలోచించవలసిన స్థితి ఇది. జనం పలచబడితే యాజమాన్యాలు ధర పెంచడం, ధర పెరిగితే జనం మరింత పలచబడటం అనే విషవలయం పొంచి ఉన్నది.

భద్రతలో రాజీ తగదు

ఆదాయం కుంగినప్పుడు ముందుగా కోత పడేది కంటికి కనిపించని నిర్వహణ వ్యయంపైనే. అసలు ప్రమాదం అక్కడే ఉన్నది. 2019 జూలైలో అహ్మదాబాద్‌లోని కాంకరియా సరస్సు వద్ద ఊగుతున్న రైడ్ విరిగి కూలి ఇద్దరు మరణించగా, పాతికమందికి పైగా గాయపడ్డారు. రైడ్ల భద్రతకు భారతీయ ప్రమాణాల సంస్థ నియమావళిని రూపొందించినా, అనుమతులు, తనిఖీలు రాష్ట్రాల, స్థానిక సంస్థల చేతుల్లో ఉన్నాయి. అవి అన్నిచోట్లా ఒకే తీరుగా లేవు. కొత్త రైడ్‌కు రిబ్బను కత్తిరించడంలో పాలకులు చూపే ఉత్సాహం, పాత రైడ్ బోల్టులను పరీక్షించడంలోనూ కనబడాలి.

వినోద ఉద్యానాలు వేలాదిమందికి ఉపాధి కల్పిస్తాయనడంలో సందేహం లేదు. రహదారులు, హోటళ్లు, రవాణా వాటి వెంట వస్తాయి. కనుక కొత్త ఆకర్షణలను ఆహ్వానించవలసిందే. అయితే బ్యాంకులు రుణం మంజూరు చేసే ముందు సందర్శకుల అంచనాలను నిశితంగా పరిశీలించాలి. ప్రభుత్వాలు పన్నులలో నిలకడ, తనిఖీలలో కాఠిన్యం పాటించాలి. యాజమాన్యాలు వచ్చే ఆదాయంలో కొంత భాగాన్ని పునరుద్ధరణకు విధిగా కేటాయించాలి. తాహతుకు మించిన హంగుల మూల్యాన్ని బ్యాంకులో డబ్బు దాచుకున్న సామాన్యుడి చేత చెల్లించే పరిస్థితి పునరావృతం కారాదు.